కెమెరా ఇచ్చే ముందు పాట వినిపించండి

లైవ్ సంగీత ప్రదర్శనల్ని వీడియో తీయడం యువతకు నేర్పేటప్పుడు పాఠం సాధారణంగా లెన్స్, షటర్, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే సెట్టింగ్)లతో మొదలవుతుంది. అవి తెలియాల్సిందే. కానీ వాటితోనే మొదలుపెడితే పిల్లలు మెషీన్‌ని చూస్తారు, పాటను వినరు. సినిమా షూటింగ్‌లో ఇంకో టేక్ ఉంటుంది. ఇక్కడ గిటారిస్ట్ సోలో అందుకున్నప్పుడు కెమెరా గాయని మీదే ఉండిపోయిందంటే ఆ షాట్ పోయినట్టే. సోలో ఎప్పుడొస్తుందో కెమెరా మెనూ చెప్పదు కదా.

అందుకే మొదటి క్లాసులో కెమెరా అసలు వద్దంటాను. పాట పెట్టి, కాగితం ఇచ్చి, గొంతు ఎక్కడ మొదలైంది, పల్లవి ఎన్నిసార్లు తిరిగొచ్చింది, డ్రమ్స్ ఎక్కడ ఆగాయి అన్నది రాయించాలి. పెద్ద ఆర్కెస్ట్రా కచేరీల టీవీ ప్రసారాల్లో స్వరలిపి చూస్తూ, తర్వాత ఏ వాయిద్యం వస్తుందో కెమెరా వాళ్లకు ముందే చెప్పడానికి ఒక మనిషి ఉంటారు. అంత అనుభవం ఉన్నవాళ్లకే అవసరమైన పని కొత్తవాళ్లకు అక్కర్లేదా?

తర్వాతి పాఠం శబ్దం. హాల్ వెనక నుంచి ఫోన్‌తో తీస్తే బాస్ (లోతైన శబ్దాలు) పగిలిపోతుంది, పక్కవాళ్ల మాటలు మాత్రం స్పష్టంగా వినిపిస్తాయి. పైగా శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లే వెళ్తుంది. 34 మీటర్ల దూరంలో నిలబడితే సెకనులో పదో వంతు ఆలస్యం. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది రెండున్నర ఫ్రేములు, డ్రమ్ స్టిక్ పడ్డాక దెబ్బ వినిపిస్తుంది. మిక్సర్ (మైకుల శబ్దాలన్నీ కలిపే పరికరం) నుంచి నేరుగా వైరుతో శబ్దం, అంటే లైన్, తీసుకుంటే సరిపోతుందా అంటే, అదీ సగమే. చిన్న హాల్లో డ్రమ్స్ వాటంతటవే గట్టిగా వినిపిస్తాయి కాబట్టి స్పీకర్లలోకి పెద్దగా పంపరు. దాంతో ఆ లైన్‌లో గొంతు మీదపడుతూ, డ్రమ్స్ ఎక్కడో దూరంగా ఉంటాయి. హాల్లో ఇంకో రికార్డర్ పెట్టి రెండూ కలపాలి. చెవులు ఈ తేడా పట్టుకోవడానికి ఎన్ని గంటలు పట్టినా ఫర్వాలేదు.

లైటింగ్ సంగతి త్వరగా తేలిపోతుంది. వెనకంతా చీకటి కాబట్టి ఆటో ఎక్స్‌పోజర్ (వెలుగును కెమెరాయే సర్దుకునే ఏర్పాటు) వెలుగు పెంచేసి ముఖాన్ని తెల్లటి మచ్చ చేస్తుంది. ముఖానికి సరిపడా పెట్టి లాక్ చేస్తే చాలు. ఎల్ఈడీ లైట్ల కింద చారలు కనిపిస్తే షటర్ వేగం మార్చి చూడాలి.

అసలు కష్టం ఓపిక నేర్పడం. వేదిక మొత్తం కనిపించేలా కదలకుండా ఉండే కెమెరా దగ్గర నిలబడమంటే కుర్రాళ్లకు శిక్ష వేసినట్టుంటుంది. మిగతా కెమెరాలు ఫోకస్ తప్పినప్పుడు ఎడిటర్‌కు దిక్కు ఆ ఫుటేజే. జూమ్ మీద నుంచి వేలు తీసి, ఒక షాట్‌ని కనీసం పది సెకన్లు పట్టుకోమనాలి. ప్రతి ప్రోగ్రామ్‌కీ స్థానాలు మార్చాలి.

ఇయర్ ప్లగ్స్ ఇవ్వకుండా స్పీకర్ల పక్కన నిలబెట్టే శిక్షకుడిని నేను నమ్మను. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు, 100 డెసిబెల్స్ అయితే 15 నిమిషాలే. అలాగే అనుమతులు కూడా: కళాకారులు సరేనన్నంత మాత్రాన పాట రాసినవాళ్ల హక్కులు తీరిపోవు.

పూర్తయిన వీడియోకి మార్కులు వేసేటప్పుడు వాయించినవాళ్లను కూడా కూర్చోబెట్టాలి. ఏ కట్ అర బీట్ ఆలస్యంగా పడిందో కెమెరా మాస్టారి కంటే ముందు డ్రమ్మరే చెప్తాడు.