గుసగుసకూ గావుకేకకూ సమన్యాయం

గోదావరి జిల్లాల్లో సమానత్వం ఇంకా రాలేదని బాధపడేవాళ్ళు పాటలు మిక్సింగ్ చేసే గదిలోకి ఒక్కసారి తొంగి చూడాలి. అక్కడికి ఎప్పుడో వచ్చేసింది. తెచ్చింది కంప్రెసర్. పాటలో గట్టిగా ఉన్నదాన్ని అణిచి, ఆనక మొత్తాన్ని పైకి లేపి, గుసగుసనూ గావుకేకనూ ఒకే బంతిలో కూర్చోబెడుతుంది.

దీనికి థ్రెషోల్డ్ అని ఒక గీత ఉంటుంది. గొంతు ఆ గీత దాటితేనే కంప్రెసర్ చెయ్యి చేసుకుంటుంది. నిష్పత్తి నాలుగుకు ఒకటి అని పెడితే, గీత మీదికి 4 డెసిబెల్స్ ఎగిరిన గొంతు 1 దగ్గరే ఆగుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు చూడండి, అలాగన్నమాట. కాకపోతే బ్యారేజీ ఇంజనీర్లు పాతకాలం మనుషులు, వరద వచ్చేదాకా ఆగుతారు. మన మిక్సింగ్ కుర్రాళ్ళకు ముందుచూపెక్కువ. మండువేసవిలో మోకాలి లోతు నీళ్ళకే మూడో హెచ్చరిక ఇచ్చేసి లంకలు ఖాళీ చేయిస్తారు.

ఈ సదుపాయం లేని రోజుల్లో పద్యనాటకాల వాళ్ళు ఎంత అవస్థ పడ్డారో! వేలాడే మైకు ముందు నిలబడి, పై షడ్జం అందుకునేటప్పుడు తల వెనక్కి వంచి అడుగు దూరం జరిగేవారు. రాగం దించేటప్పుడు మళ్ళీ దగ్గరికొచ్చి, హార్మోనియం తిత్తి చప్పుడు వినపడేంత సన్నగా ముగించేవారు. మెడా నడుమూ కాళ్ళూ అన్నీ కంప్రెసర్లే. పాపం, ఒళ్ళు నొప్పులు. మొన్న ఒక పెద్దాయన తన పద్యం రికార్డింగు విని, "బాబూ, అక్కడ గొంతు తగ్గించాను కదా, తగ్గినట్టు లేదేంటి?" అనడిగారు. "మీరు తగ్గినా మేం తగ్గనివ్వమండి మాస్టారూ" అన్నాడు కుర్రాడు. ఎంత మర్యాద!

అణిచాక మేకప్ గెయిన్ అనే మీటతో మొత్తం శబ్దాన్ని లేపుతారు. అప్పుడు గొంతొక్కటే లేవదు. పంక్తికీ పంక్తికీ మధ్య గాయని పీల్చిన ఊపిరి, గదిలో ఫ్యాను, బయట ఆగిన పల్లెవెలుగు బస్సు ఇంజను, వెనక పంటకాలవలో కప్పలు, అన్నీ లేస్తాయి. నాయిక ఆయాసపడుతుంటే మనం విరహమనుకోవాలి. కప్పలకు పారితోషికం ఇవ్వక్కర్లేదు.

1967లో అమెరికా ఆడియో ఇంజనీరు బిల్ పుట్నం తెచ్చిన 1176 అనే కంప్రెసర్ సెకనులో 50 వేలో వంతులోనే శబ్దాన్ని పట్టేయగలదు. ఆ వేగం సంగతి తెలిసినప్పట్నించీ మనవాళ్ళు ఏ కంప్రెసర్ చేతికి దొరికినా అటాక్‌ను, అంటే శబ్దం గీత దాటాక అణచడానికి అది తీసుకునే వ్యవధిని, అడుగుకంటా లాగేస్తున్నారు. డోలు మీద కర్ర పడగానే వచ్చే పదును, 20, 30 మిల్లీసెకన్లు ఓపిక పడితే చెవిన పడేదే, పుట్టకుండానే పోతుంది. మిగిలేది 'బొఫ్'.

సన్నాయినీ డోలునూ కలిపి ఒకే కంప్రెసర్ కింద పెడితే మరీ అందం. దరువు పడ్డప్పుడల్లా సన్నాయి కిందికి దిగి మళ్ళీ లేస్తుంది. కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం మీద పాట ఒకటి అలాగే విన్నాను. విద్వాంసుడు దెబ్బదెబ్బకీ అక్కడ కొలువుదీరే ఏకాదశ రుద్రులకు వంగి దండం పెడుతున్నాడనుకున్నాను. భక్తి కాదు, అణిచిన కంప్రెసర్ మళ్ళీ వదలడానికి పట్టే రిలీజ్ టైము.

గిట్టనివాళ్ళు ఎక్కడైనా ఉంటారు. ముందు చేత్తో ఫేడర్, అంటే శబ్దం పెంచి తగ్గించే మీట, నడిపి ఎగుడుదిగుళ్ళు సర్దమంటారు, ఒకే కంప్రెసర్ మీద భారమంతా వేసే బదులు రెండింటితో చెరికాస్తా అణచమంటారు, అది ఉన్నట్టూ లేనట్టూ ఉండాలంటారు. చెవులున్నవాళ్ళ వ్యవహారం, మనకెందుకు? అసలు కుట్ర పాటలు వినిపించే యాప్ స్పాటిఫైది. ఎంత మోత పెంచి పంపినా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి వినిపించే మోతకు కొలత అది) దించి, నొక్కకుండా వదిలేసిన పాట పక్కనే నిలబెడుతుంది. అక్కడ మనదే నీరసంగా వినిపిస్తుంది. దీనికి విరుగుడు ఒక్కటే: మాస్టర్ మీద, అంటే అన్నీ కలిపిన పాట మొత్తం మీద, ఇంకో కంప్రెసర్, దాని మీద శబ్దాన్ని గీత దాటనే దాటనివ్వని లిమిటర్. అప్పటికీ చాలకపోతే ఊరేగింపులో సౌండు సిస్టమాయన దగ్గర ఇంకోటి ఎలాగూ ఉంటుంది.