పుట్టింటి రాయి

మా పెరటి తలుపుకి ముప్పై ఏళ్ళుగా ఒక రాయి అడ్డం ఉంటోంది. కొబ్బరిబోండం కన్నా కాస్త చిన్నది, ఒళ్ళంతా ఎరుపూ నలుపూ చారలు, ఒక పక్కనుంచి చూస్తే అచ్చం కోసి పారేసిన చింతమొద్దే. పడమటి గాలి తోలినప్పుడు తలుపు కొట్టుకోకుండా కాలితో అటు ఒక తోపు, గాలి తగ్గాక ఇటు ఒక తోపు. ఇన్నేళ్ళలో దాన్ని చేత్తో ముట్టినవాళ్ళు లేరు.

పోయిన ఆదివారం మా చెల్లెలు కావలి నుంచి పొద్దున్నే బస్సెక్కి ఒంగోలు వచ్చింది. సైన్సు టీచరుగా చేసి రిటైరైంది, పాఠం చెప్పడం నుంచి మాత్రం కాలేదు. మా ఆవిడది చీమకుర్తి, వాళ్ళ నాన్న గ్రానైట్ క్వారీల్లోనే తలపండిన మనిషి, కాబట్టి రాయి గురించి ఆమెకి ఎవరూ చెప్పకూడదు. ఇద్దరి మధ్యా నేను పేపర్ పట్టుకుని కూర్చున్నా. మాట్లాడే అవకాశం రాలేదు, అందుకే రాస్తున్నా.

మరదలు: వదినా, వెళ్ళేటప్పుడు ఆ రాయి తీసుకుపోతా. బ్యాగులో పడుతుందిలే.

వదిన: గోంగూర పచ్చడి తీసుకుపోతానంటే అర్థముంది, రాయేందమ్మా?

మరదలు: అదే, తలుపు దగ్గరది. అమ్మ గుర్తుగా ఉంటుందని.

వదిన: అమ్మ గుర్తుగా వెండి గ్లాసులూ పట్టుచీరలూ అప్పుడే పట్టుకుపోయావుగా! పదకొండేళ్ళ తర్వాత రాయి గుర్తొచ్చిందా? ఏదీ, ఆ ఫోన్ ఇటివ్వు. ఏదో చూశావు నువ్వు.

(చూసింది. వాట్సాప్‌లో ఎవరో పంపిన వీడియో, ఇలాంటి చారల రాయిని పట్టుకుని ఒకాయన లక్షలు లక్షలు అంటున్నాడు.)

మరదలు: దాచేదేముంది, ఇది మామూలు రాయి కాదేమో వదినా. శిలాజ కలప. పెట్రిఫైడ్ వుడ్ అంటారు. ఎప్పుడో కోట్ల ఏళ్ళ కిందట కూలిన చెట్టు అట్టాగే రాయైపోవడం.

వదిన: అట్టాగా! అయితే ఇక అస్సలు ఇవ్వను. ఇది మామయ్యగారు వేమవరం చేలో దొరికిందని తెచ్చింది. మామయ్యగారిదంటే కొడుకుది. కొడుకంటే అదిగో, పేపర్ వెనక ఉన్నారే, ఆయన. ఆయనంటే నేను.

మరదలు: వేమవరమా? ఎవరు చెప్పారు నీకు? మా అమ్మ కొణిజేడు నుంచి తెచ్చుకుంది, ఆవకాయ జాడీ మూత మీద బరువుకని. అమ్మ పుట్టింటి సొత్తు ఆడపిల్లకే పోతుంది. అయినా వేమవరం అంటే తెలుసా నీకు, పది కోట్ల ఏళ్ళ పైబడిన మొక్కల శిలాజాలకి ఆ ఊరు పెట్టింది పేరు, జియాలజీ పుస్తకాల్లో అక్కడి రాతిపొరలకి ఊరి పేరే...

(ఇక్కడ ఆగిపోయింది. ఎవరి తరఫున వాదిస్తోందో అప్పటికి తట్టినట్టుంది.)

వదిన: చెప్పు, చెప్పు, ఎందుకాగావు? శిలాజాలు వేమవరంలో దొరుకుతాయన్నావా? అయితే మా మామయ్యగారిదే.

మరదలు: అబ్బ, అక్కడ దొరికేవి ఆకుల అచ్చులు వదినా. సైకస్ లాంటి మొక్కలవి, మెత్తటి మట్టిపలకల్లో ఒత్తుకుపోయి ఉంటాయి. ఇట్టాంటి మొద్దులు కాదు.

వదిన: ఆకులున్న చోట చెట్టుండదా? ఆకులు యాడనుంచి రాలాయి మరి, బస్సు దిగి వచ్చాయా?

(నిజం చెప్పాలంటే ఈ ప్రశ్న నాకు నచ్చింది. మా చెల్లెలికి నచ్చలేదు.)

వదిన: అసలు చెక్క రాయి ఎట్టా అవుతుంది? మా ఇంట్లో పాత మంచం పదేళ్ళకే చెదపట్టి పొడైపోయింది.

మరదలు: గాలి తగిలింది కాబట్టి పట్టింది. చెట్టు కూలగానే ఏటి ఇసకలోనో అగ్నిపర్వతం బూడిదలోనో కూరుకుపోతే గాలి ఆడదు, తొందరగా కుళ్ళదు. అప్పుడు భూమిలో నీళ్ళున్నాయే, వాటిలో సిలికా, అదే పలుగురాయిలో ఉండే పదార్థం, కరిగి ఉంటుంది, ఆ నీళ్ళు చెక్కలో కణం కణంలోకీ దిగి సిలికాని అక్కడే వదిలేస్తాయి. చెక్క పోతుంది, చెక్క ఆకారం మిగులుతుంది. ఇనుము కలిస్తే ఎరుపు, పసుపు. మాంగనీసు కలిస్తే నలుపు.

వదిన: ఊరగాయే కదా! ముక్క చూస్తే మామిడికాయే, కొరికితే అంతా ఉప్పూ కారమూ. దీనికింత ఇంగ్లీషెందుకు?

మరదలు: ...ఊరగాయే అనుకో. తమిళనాడులో తిరువక్కరై వెళ్ళాం మొన్న, అరుణాచలం ట్రిప్పులో. చూడాలి వదినా, కాళీ గుడి దగ్గరే, మొద్దులు మొద్దులు పడున్నాయి, అన్నీ రాళ్ళే. 2 కోట్ల ఏళ్ళవి. సొన్నెరా అని ఫ్రెంచాయన 1781లోనే చూసి రాశాడు.

వదిన: నువ్వు ఒక ముక్క బ్యాగులో వేసుకునే ఉంటావు.

మరదలు: ఛ! గవర్నమెంటు కాపాడే చోటు అది, చిన్న పెచ్చు కూడా తీయకూడదు.

వదిన: అక్కడ తీయలేకే ఇక్కడికొచ్చావన్నమాట. సరే, దీని సంగతి నేనే తేలుస్తా. మా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లో బంగారు చుక్కలు మెరుస్తాయి, అది బంగారమా? చారలున్నంత మాత్రాన చెట్టూ కాదు. రాయిని ఎత్తండీ ఒకసారి!

(ఆ 'అండీ' నాకు. ఎత్తి వంటింటి గట్టు మీద పెట్టా. నడుం పట్టేసింది. ఎవరూ అడగలేదు.)

వదిన: ఇదిగో చూడు. మొద్దుని అడ్డంగా కోస్తే గుండ్రాలు కనపడాలి, పక్కనుంచి చూస్తే నిలువు గీతలు. అంతేనా? దీన్ని ఎటు తిప్పినా ఒకటే చారలు, పొర మీద పొర. ఇది చెట్టు కాదు, మడతకాజా.

మరదలు: ఉండు, మన వేడిదేశాల చెట్లకి ఏడాదికో ఉంగరం స్పష్టంగా పడకపోవచ్చు. గుండ్రాలు లేనంత మాత్రాన కొట్టిపారేయకూడదు. భూతద్దం తెచ్చాలే.

వదిన: భూతద్దం కూడా తెచ్చిందంట! అమ్మ గుర్తు కోసం వచ్చిన మనిషి!

మరదలు: కలపలో నీళ్ళు ఎక్కే గొట్టాలుంటాయి, అడ్డంగా చూస్తే సూదితో పొడిచినట్టు సన్నటి చిల్లులు కనపడాలి. నడిమినుంచి బయటికి వెంట్రుకల్లాంటి గీతలు కూడా. అవి కనపడితే ఇక తిరుగులేదు... ఏదీ... కొంచెం లైటెయ్యి వదినా.

వదిన: కనపడ్డాయా?

మరదలు: రవ్వలు కనపడుతున్నాయి. మెరుస్తూ. ఒకదాన్నొకటి ఆనుకుని.

వదిన: ఉప్మా రవ్వా, ఇడ్లీ రవ్వా?

మరదలు: వేళాకోళం ఆపు. కత్తిపీట ఇట్టా ఇవ్వు. చూడు, బలంగా గీకినా రాయి మీద గాటు పడలేదు, పైగా కత్తిపీట ఇనుమే అరిగి బూడిదరంగు గీత అంటుకుంది! రాళ్ళ గట్టిదనానికి ఒకటి నుంచి పదిదాకా వేసే మోస్ లెక్కలో సిలికా 7, కత్తి 5.5 దగ్గర. సరిపోయింది!

వదిన: పలుగురాయిని గీకినా ఇంతే. రోడ్డు పక్కన రాశులు పోసుంటాయి, అన్నీ ఏరుకుపో. ముందు నా కత్తిపీట అంచు ఎవరు పదును పెట్టిస్తారో చెప్పు. రాయిని చూడాలంటే గీకడం కాదు, చేతికి బరువు తెలియాలి. మా నాన్న అంతే అనేవాడు.

(మా ఆవిడ దగ్గర కొక్కెం కాటా ఒకటుంది. పాత పేపర్లవాడి తూకం మీద నమ్మకం లేక కొన్నది. బియ్యం సంచిలో రాయి వేసి తగిలిస్తే 4 కిలోల 200 గ్రాములు. తర్వాత బకెట్ నిండా అంచుదాకా నీళ్ళు పోసి, కింద బేసిన్ పెట్టి, రాయిని మెల్లగా ముంచింది. పొర్లిన నీళ్ళు చెంబుతో కొలిస్తే లీటరూ 200 మిల్లీలీటర్లు.)

వదిన: లెక్క చెప్పు టీచరమ్మా. నాలుగూ రెండొందల్ని ఒకటీ రెండొందలతో భాగించు.

మరదలు: మూడున్నర.

వదిన: నీ ఊరగాయ చెట్టుకి ఎంత రావాలి?

మరదలు: సిలికా అయితే నీటికి 2.6 రెట్లు, అటూ ఇటుగా... చెంబు సరిగా కొలిచావా? లీటరూ ఆరొందలు పొర్లాలి కదా.

వదిన: నేల మీద ఒక్క చుక్క పడితే చూపించు.

(ఇక్కడ ఒక వింత జరిగింది. మా ఆవిడ చీరకొంగుతో రాయిని తుడిచి, తువ్వాలులో చుట్టి, మా చెల్లెలి బ్యాగు పక్కన పెట్టింది. గొంతు కూడా మారింది. పాతికేళ్ళ కిందట నేను స్కూటర్ అమ్మేస్తున్నప్పుడు కొనేవాడితో ఇదే గొంతుతో మాట్లాడింది.)

వదిన: పోనీలేమ్మా. ఆడబిడ్డ నోరు తెరిచి అడిగింది, అమ్మ గుర్తంటోంది, నాకు మాత్రం మనసుండదా? కొణిజేడుదే అయ్యుంటుంది. నేనే ఏదో పొరబడ్డా. తీసుకుపో.

మరదలు: ఎందుకు?

వదిన: ఎందుకేంది? నీదేగా.

మరదలు: ఇప్పటిదాకా చావనైనా చస్తా ఇవ్వనన్నట్టు మాట్లాడి... వదినా, నువ్వు నాకు దొండకాయలు కూడా ఏరి ముదురువి ఇస్తావు. నీకేదో తెలిసింది.

వదిన: నాకేం తెలుస్తుందమ్మా, నేనేమన్నా సైన్సు చదివానా? కొణిజేడు, మర్లపాడు కొండల్లో ఏం రాయుంటుందో నాలాంటిదానికి ఎట్టా తెలుస్తుంది?

(మా చెల్లెలు ఒక్క క్షణం అట్టా నిలబడి, సూటిగా ఫ్రిజ్ దగ్గరికి పోయింది. తలుపు మీద తిరుమలలో కొన్న వెంకటేశ్వరస్వామి మ్యాగ్నెట్ ఉంటుంది, కరెంటు బిల్లు పెట్టుకునేది. దాన్ని తీసి రాయి దగ్గరికి ఇట్టా తెచ్చిందో లేదో, టక్‌మని స్వామి తనే దూకి అతుక్కున్నాడు.)

మరదలు: ఇనుపరాయి! కొణిజేడు కొండల్లో ఉండేది ఇదే!

వదిన: అయ్యో. అవునా?

మరదలు: మ్యాగ్నెటైట్! ఒక పొర పలుగు, ఒక పొర ఇనుప ఖనిజం. అందుకే మూడున్నర రెట్లు, అందుకే చారలు. ఎరుపు తుప్పుది. జాడీ ఇవ్వు వదినా, ఇంకొక్కటి చూడాలి.

వదిన: నా ఆవకాయ జాడీనా? కొత్త కారం పెట్టి నెల కాలేదు!

మరదలు: ఖాళీదే ఇవ్వు, అడుగు చాలు. నునుపు లేని గరుకు చోటు ఉంటుందే, అక్కడ రాయి గీస్తే... చూడు, నల్లటి గీత. శిలాజ కలపైతే జాడీయే అరిగేది గానీ ఇంత నల్లగా రంగు దిగదు. ఛీ, ఛీ. ఈ కొండరాళ్ళు నూరు కోట్ల ఏళ్ళ పైబడినవి వదినా. చెట్లనేవి వచ్చి 38 కోట్ల ఏళ్ళేనంట. ఈ రాయి పుట్టేనాటికి చెట్టు అన్న జాతే లేదు!

వదిన: అయితే మరీ పాతది. అమ్మ గుర్తుకి ఇంతకన్నా ఏం కావాలి? బ్యాగు జిప్పు తియ్యి.

మరదలు: అదేంది వదినా, ఇది నాన్న తెచ్చిందని నువ్వే అన్నావుగా! ఇప్పుడు నాకూ గుర్తొస్తోంది. వేమవరం చేను నుంచి సైకిలు క్యారియర్‌కి తాడేసి కట్టుకొచ్చాడు. నేను చిన్నదాన్ని, గడపలో నిలబడి చూశా కూడా.

వదిన: వేమవరమంటే ఆకుల అచ్చులే దొరుకుతాయన్నావు.

మరదలు: అన్నాననుకో...

వదిన: కొణిజేడుదని మ్యాగ్నెట్టే సాక్ష్యం చెప్పింది, దేవుడితో సహా. మీ అమ్మ పుట్టింటి సొత్తు, ఆడపిల్లకే పోతుంది. నేను ధర్మం తప్పను.

మరదలు: కావలి బస్టాండులో దిగి నాలుగు కిలోలు మోసుకుంటూ ఆటో ఎక్కాలా నేను? మా ఆయన తలుపు తీసి ఏం తెచ్చావంటే, ఇనుపరాయి అని చెప్పాలా?

వదిన: పొద్దున లక్షలున్నప్పుడు బరువు లేదు దానికి!

(సరిగ్గా అప్పుడే పడమటి గాలి లేచింది. పెరటి తలుపు ధడాలుమని కొట్టుకుంది. ఒకసారి. రెండోసారి మా చెల్లెలు ఉలిక్కిపడి భూతద్దం బకెట్లో పడేసుకుంది.)

మరదలు: అన్నయ్యా, ఆ రాయి పెట్టు ముందు, తలుపు విరుగుతుంది!

(పేపర్ పక్కన పెట్టి లేచి, రాయి తీసుకెళ్ళి తలుపు పక్కన దింపి, అలవాటుగా కాలు ఎత్తా.)

వదిన: ఆగండి! స్వామి ఉన్నాడు దాని మీద! కాలితో తంతారా?

మరదలు: అయ్యయ్యో, అన్నయ్యా, కళ్ళు పోతాయి!

(తీసేద్దామని చూశా. 'రాయి మీదికి తనే దూకి కూర్చున్నవాడిని మనమెవరం లాగడానికి' అని మా ఆవిడ, 'నిజమే వదినా' అని మా చెల్లెలు. పొద్దున్నుంచీ ఇద్దరికీ కుదిరిన మాట ఇదొక్కటే. సాయంత్రం బస్సుకి చెల్లెలు గోంగూర పచ్చడి పట్టుకుపోయింది. మర్నాటికి రాయికి పసుపూ కుంకుమా వచ్చాయి, కరెంటు బిల్లు ఫ్రిజ్ కిందికి జారిపోయింది.)

వదిన: గాలి మొదలైందండీ. రాయి జరపండి. వంగి, రెండు చేతులతో.