పాత ఇనుము కొట్టులో పాటించవలసిన ముఖకవళికలు

గోదావరి డెల్టాలో ఇనుమును తిప్పుతూ కోసే పాత లేతు మిషనును బాగుచేయించదలచినవారు ముందుగా అభ్యసించవలసిన విద్య ఫిట్టరు పని కాదు, ఏ భావమూ పైకి కనపడనీయకుండా నిలబడటం. రాజమండ్రిలోనైనా, భీమవరంలోనైనా, మూతపడిన రైసుమిల్లుల షాఫ్టులకూ రొయ్యల చెరువుల్లో తుప్పుపట్టిన ఏరేటర్లకూ మధ్య మీకు కావలసిన పళ్లచక్రం ఉండనే ఉంటుంది. తూకానికి వచ్చిన సరుకే గనుక అది తూకానికే పోవాలి. అయితే మీరు దాన్ని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో మడ్డి తుడిచి, పళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టిన క్షణాన అది ఇనుము కాకుండా పోయి వారసత్వ సంపద అవుతుంది. “ఆయ్, అది కాటన్ దొరగారి నాటిదండి” అంటారు యజమానిగారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది కాబట్టి చక్రం వయసు కూడా అంతేనని మనం వినయంగా ఒప్పుకోవాలి, దాని మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ అని పోతలోనే అక్షరాలు తేలి ఉన్నా సరే.

127 పళ్ల చక్రం అవసరమైనవారి కష్టం మరీ లోతైనది. అంగుళాల లీడ్ స్క్రూ (కోసే పనిముట్టును నడిపే పొడవాటి మరకడ్డీ) ఉన్న లేతు మీద మిల్లీమీటర్ల మర, అంటే స్క్రూ చుట్లు, కచ్చితంగా కోయాలంటే ఆ చక్రమే కావాలి. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, దాన్ని ఐదుతో హెచ్చిస్తే 127, అది ప్రధాన సంఖ్య కావడం వల్ల చిన్న చక్రాలను ఎన్ని విధాలుగా జతకట్టినా ఉజ్జాయింపే తప్ప ఆ లెక్క సరిగ్గా తేలదు. ఇదంతా ఓపికగా విన్న యజమానిగారు, “120 పళ్లది ఉందండి, తక్కువైన ఏడు పళ్లకీ తగ్గించే ఇస్తానండి” అని ధర్మంగా పలుకుతారు. అంత న్యాయబుద్ధి మీద కోపం తెచ్చుకోవడం సాధ్యం కాదు.

బోల్టుల సంగతి క్లుప్తంగా చెబుతాను. 1841 నాటి ఇంగ్లీషు కొలత అయిన విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, మిల్లీమీటర్ల మెట్రిక్ మర కోణం 60, కనుక ఒకదాని బోల్టు రెండోదాని రంధ్రంలో సరిగ్గా కూర్చోదు. “గట్టిగా బిగించండి, అదే దారి చేసుకుంటుందండి” అన్న సలహా విన్న పోత ఇనుము చాలాచోట్ల చీలింది.

అరిగిపోయి ఊడిన హాఫ్ నట్టును, అంటే లీడ్ స్క్రూను పట్టుకునే నట్టును, రాగి మిశ్రమమైన గన్‌మెటల్‌తో పోత పోయించుకుందామంటే, పోతపనివారు శాంపిల్ తెమ్మంటారు. లేని భాగాన్ని చేయించుకోవడానికి ఉండవలసిన ఏకైక అర్హత, ఆ భాగం మన దగ్గర ఉండటమే.

కనుక నా సూచన ఏమంటే, కొట్టుకు మనం వెళ్లకూడదు. అంబాజీపేటలో కొబ్బరికాయల బేరాలు చేసి రాటుదేలిన, జీవితంలో లేతు మొహం చూడని మనిషిని రోజుకూలికి కుదుర్చుకుని, చక్రం బొమ్మ గీసిన కాగితం జేబులో పెట్టి పంపాలి. ఆ చక్రం మనకు ఎంత అవసరమో మాత్రం అతనికి చెప్పకూడదు. చెబితే కూలి పెంచుతాడు.