మా మామ గిర్ని ఆగిన తీరు

వరంగల్లు శివారులో మా మేనమామకు ఒక వడ్ల గిర్ని ఉన్నది. చుట్టుపక్కల ఊళ్ల రైతులు తిండికి ఉంచుకున్న వడ్లను ఆటో ట్రాలీల్లో తెచ్చి అక్కడ పట్టించుకొని పోతుంటారు. నిరుడు దసరాకు ముందు మామ గిర్ని ఆఫీసులో గోడంత టీవీ ఒకటి పెట్టించి, వడ్లు లోపలికి పోయి బియ్యమై బయటికి వచ్చే క్రమమంతా అందులో బొమ్మగా కదలాలని, ఆయుధపూజకు వచ్చినవారంతా దానిని చూడాలని నిశ్చయించి, ఆ పనిని కంప్యూటర్ ముందు కూర్చునే ఏకైక మేనల్లుడినైన నాకు అప్పగించాడు. కూలి మాట ఎత్తలేదు. మేనమామలు ఎత్తరు.

బొమ్మలు గీసి కదిలించే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో మోటారు, బెల్టు, పెద్ద చక్రం, ఎలివేటరు, జల్లెడ అన్నీ పొందికగానే తయారైనవి. చిక్కంతా తిప్పడంలో వచ్చింది. మొదట చక్రానికి రెండు కీఫ్రేములు, అంటే ఏ క్షణానికి ఎన్ని చుట్లు తిరిగి ఉండాలో చెప్పే గుర్తులు, పెట్టి, వాటి నడుమ సరళరేఖను ఉంచాను. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన నడిచే ఆ బొమ్మలో, 1వ ఫ్రేములో రాయిలా నిలబడిన చక్రం 2వ ఫ్రేముకే పూర్తి వేగం అందుకున్నది. గిర్నిలో తల నెరిసిన మిస్త్రికి చూపించాను. ఆయన కళ్లద్దాలు సవరించుకొని, "గట్ల ఒక్కపారే గుంజితే బెల్టు తెగి పక్క చేన్ల పడ్తది బిడ్డా" అని తేల్చి, తన పానా తీసుకొని వెళ్లిపోయాడు.

సరళరేఖను తీసేసి బెజియె వంపును పెట్టాను. ఫ్రాన్సులో రెనో కార్ల కంపెనీ ఇంజినీరు పియెర్ బెజియె 1960లలో కార్ల ఒంటి వంపులు గీయడానికి వ్యాప్తిలోకి తెచ్చిన గీత అది. కారుకు పనికివచ్చినది గిర్నికి పనికిరాదా అని నా ధీమా. కదలికకు మామూలుగా పెట్టే ఈ జాతి వంపుల స్వభావం ఏమిటంటే, మొదట నెమ్మదిగా కదిలి, నడుమ ఊపందుకొని, చివర మళ్లీ నెమ్మదించడం. వీటిలో అతి సాదా సూత్రాన్ని తీసుకున్నా, మొత్తం సమయంలో పదోవంతు గడిచేసరికి దారిలో నూటికి 3 వంతులైనా సాగదు. నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, ఒక్క చుట్టుకు మాత్రమే ఈ వంపును పెట్టి, ఆ చుట్టునే మళ్లీ మళ్లీ తిరిగేటట్టు చేయడం. దానితో చక్రం ప్రతి చుట్టుకూ బయలుదేరి, పరుగెత్తి, అలసి, ఆగి, అన్ని స్టేషన్లలోనూ నిలిచే ప్యాసింజరు బండి వలె మూలిగింది. "లోపల కరెంటు పోయి వస్తున్నదా?" అని మిస్త్రి అడిగిన ప్రశ్నలో వెటకారం ఏమాత్రమూ లేదు, అదే నన్ను ఎక్కువగా నొప్పించింది.

మర్నాడు ఆయనే నన్ను స్టార్టరు ముందు నిలబెట్టి చదువు చెప్పాడు. మోటారులోని తీగచుట్లను కలిపే తీరులు రెండు, స్టార్, డెల్టా. మోటారు మొదట స్టార్‌లో నడుస్తుంది. అప్పుడు లాగే కరెంటు నేరుగా డెల్టాలో వేస్తే లాగేదానిలో మూడోవంతే కాబట్టి చక్రం బద్ధకంగా కదులుతుంది. కొన్ని సెకన్లకు డెల్టాలో పడగానే చిన్న కుదుపుతో ఊపందుకుంటుంది. ఆపినప్పుడు కథ వేరు. మోటారు బందు పెట్టినా, బరువైన చక్రం తన ఊపు తీరేదాకా తిరిగి తిరిగి, చివరి చుట్టును ముసలమ్మ మెట్లు దిగినంత నిదానంగా ముగిస్తుంది. ఎక్కే వంపు, దిగే వంపు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటే అది బొమ్మే గాని గిర్ని కాదని నాకు అప్పుడు బోధపడింది. "ఇంకోటి యాది పెట్టుకో, అంతా ఒక్క షాఫ్టు మీదనే నడుస్తది" అని కూడా ఆయన చెప్పాడు. 8 అంగుళాల మోటారు పుల్లీ మూడు చుట్లు తిరిగితే 24 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరగాలి. దేని వంపు దానికి విడిగా గీస్తే నడుమ బెల్టు జారినట్టు కనబడుతుంది. కనుక ఎలివేటరు, జల్లెడ మొదలుకొని సంచిలో రాలే చివరి బియ్యపు గింజ దాకా అన్నిటినీ ఆ ఒక్క చక్రానికే ముడిపెట్టాను. ఈ ముడి గురించి నేను కొంత గర్వపడ్డానని ఒప్పుకోవాలి.

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం మిగిలింది ఆగే వంపు ఒక్కటే. అది ఇంకా నిదానంగా ఉండాలని చివరి కీఫ్రేము దగ్గర వంపును సవరించే పిడిని ఎడమకు లాగుతుంటే, ఇంట్లోవాళ్లు బతుకమ్మలతో కారులో కూర్చొని, పద్మాక్షి గుట్టకు ఆలస్యమవుతున్నదని హారన్ కొట్టసాగారు. ఆ తొందరలో పిడి ఎడమకు జరగడంతోపాటు కొంత పైకీ జరిగింది. 200 చుట్ల దగ్గర ఆగవలసిన గీత 203 దాకా ఎక్కి, అక్కడినుంచి మెల్లగా 200కు దిగింది. నేను చూడలేదు. అలాగే భద్రపరిచి పరుగెత్తాను.

దసరా నాడు స్టార్టరుకు పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టిన తరువాత మామ అందరినీ టీవీ ముందుకు పిలిచాడు. చక్రం స్టార్‌లో కదిలి, డెల్టాలో చిన్నగా ఉలిక్కిపడి ఊపందుకోగానే మిస్త్రి తల ఆడించాడు; ఆ తల ఆడించడం ముందు డిగ్రీ పట్టా ఏపాటిది? వడ్లు పోయినవి, ఊక ఎగిరింది, తవుడు రాలింది, సంచి నిండింది. మోటారు ఆగింది, చక్రం నెమ్మదించింది, నిలబడింది. చప్పట్లు మొదలయ్యేలోపల అది మెల్లగా, ఎంతో సుతారంగా, వెనక్కి తిరగసాగింది. అంతా ఒక్క షాఫ్టు మీదనే కదా! సంచిలోని బియ్యం ధారగా పైకి లేచింది, తవుడు వచ్చి గింజలకు అంటుకున్నది, కుప్పలోని ఊక ఎగిరివచ్చి ఒక్కొక్క గింజకు అంగీ తొడిగింది, నిండైన వడ్లు బుద్ధిగా తొట్టిలోకి చేరుకున్నవి.

ఎవరూ నవ్వలేదు. వెనక వరుసలో నిలబడిన ఒక రైతు మాత్రం తువ్వాల దులిపి భుజాన వేసుకొని, "గిప్పుడు సమజైంది" అన్నాడు. "క్వింటాలుకు 67 కిలోల బియ్యం సర్కారు లెక్క. నాకెన్నడూ 62 దాటలే. బందు పెట్టినంక మిగిలినయి గిట్ల వాపస్ గుంజుకుంటున్నదన్నమాట!"

అతని నూకల సంగతి, పాత వడ్ల సంగతి మామ ఎంత విడమరిచి చెప్పినా, కంటితో చూసినదానిని కాదనడానికి ఆ రైతు ఒప్పుకోలేదు. చివరికి మామ ఐదు కిలోలు కలిపి తూచి అతనిని సాగనంపి, ఆ ఐదు కిలోల ధరను ఖాతా పుస్తకంలో నా పేరున ‘టీవీ బొమ్మ’ అనే పద్దు కింద రాయించాడు.