గొంతు గుంట మీద వేలు పెట్టకుండా తీసే ఈసీజీ

శుక్లం ఆపరేషనో, హెర్నియా ఆపరేషనో అనగానే ముందు ఈసీజీ తీయించుకు రమ్మంటారు. ‘పాత గుండెపోటు అయ్యుండొచ్చు’ అని మిషనే కాగితం మీద ఒక ముక్క అచ్చు కొట్టి పడేస్తుంది. ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. మర్నాడు బెజవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఎకో, ఆ పైన ట్రెడ్‌మిల్లు. తీరా చూస్తే గుండె గుండ్రాయిలా ఉందంటారు. చాలాసార్లు తప్పు గుండెది కాదు, ఈసీజీ కోసం ఛాతీ మీద పెట్టిన రెండు రబ్బరు బుడ్డీలది. ఉండాల్సిన చోటికి రెండు సందులు (పక్కటెముకల మధ్య ఖాళీలు) పైకి అంటించేశారు.

ఎందుకంటే మొహమాటం. జాకెట్టు హుక్కులు తీయమనడం ఇబ్బంది, చాటుకి తెర కూడా ఉండదు, మెడ కింద కనపడ్డ ఖాళీలో పెట్టేస్తారు. మగవాళ్లకైతే చనుమొన చూసి అంచనా వేస్తారు. అది ఒక్కొక్కరికి ఒక్కోచోట ఉంటుంది, దాన్ని పట్టుకుని కొలతేమిటి!

లెక్క మొదలవ్వాల్సింది గొంతు కింది గుంట దగ్గర. రెండు కాలర్ ఎముకల మొనల మధ్య, రొమ్ము ఎముక పైఅంచు నెలవంకలా లోపలికి తగ్గిన చోటు అది. వెనకే శ్వాసనాళం ఉంది, గట్టిగా నొక్కితే దగ్గొస్తుంది. వేలు ఆనిస్తే చాలు. అక్కణ్ణుంచి వేలెత్తకుండా ఎముక మీదే కిందికి జారిస్తే, పెద్దవాళ్లలో దాదాపు 5 సెంటీమీటర్ల దూరంలో అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది. రొమ్ము ఎముక పైముక్క నడిమిముక్కతో కలిసే చోటు, పుస్తకాల్లో లూయీ కోణం. ఒళ్లున్నవాళ్లలో అంత తేలిగ్గా దొరకదు, నెమ్మదిగా వెతకాలి. దాని పక్కకి జరిపితే తగిలేది రెండో పక్కటెముక, దాని కిందది రెండో సందు. ఇంకో రెండు సందులు దిగితే నాలుగోది. ఛాతీ మీది ఆరు బుడ్డీలకీ వీ1 నుంచి వీ6 దాకా పేర్లు. అక్కడ రొమ్ము ఎముక కుడి అంచున వీ1, ఎడమ అంచున వీ2.

కాలర్ ఎముక కింద నుంచే లెక్కపెట్టేస్తాం అంటారు కొందరు. మొదటి పక్కటెముక ఆ ఎముక చాటున దాక్కుని ఉంటుంది, వేలికి సరిగ్గా దొరకదు. కాలర్ ఎముకకీ మొదటి పక్కటెముకకీ మధ్య ఖాళీనే మొదటి సందు అనుకుంటే అక్కడే ఒకటి తప్పింది.

వీ3 కంటే ముందు వీ4 పెట్టాలి: ఐదో సందులో, కాలర్ ఎముక నడిమి నుంచి దించిన గీత మీద. వీ3 దానికీ వీ2కీ మధ్యన. వీ5, వీ6 వీ4 ఎత్తులోనే అడ్డంగా చంక వైపు పోవాలి. సందు వెంట పోతే ఎత్తు మారిపోతుంది.

ఒక్క సందు పైకి జరిగితే వీ1, వీ2లో ఆర్ అల (గుండె కింది గదుల కరెంటు గీసే, పైకి లేచే మొన) సుమారు 0.1 మిల్లీవోల్టు తగ్గుతుంది, అంటే కాగితం మీద ఒక చిన్న గడి. అక్కడ ఆర్ అసలే పొట్టిది. ఉన్న కాస్తా పోతే పాత గుండెపోటులా కనపడుతుంది. ఒక్కోసారి చివర్లో ఇంకో చిన్న కొమ్ము లేచి కుడి బండిల్ బ్లాకేమో (గుండెలో కుడివైపు కరెంటు దారికి అడ్డేమో) అనిపిస్తుంది. బుడ్డీ ఎక్కడ పెట్టారో మిషనుకేం తెలుసు? చదివేవాళ్లు వీ2లో పీ అల, అంటే గుండె పై గదులు గీసే చిన్న అల, చూడాలి. అది తలకిందులైతే ముందు బుడ్డీనే అనుమానించాలి. బ్రుగాడా అనే గుండె లయ జబ్బు కోసం కావాలనే పైకి పెట్టి తీయడం వేరే సంగతి, అప్పుడు ఆ మాట కాగితం మీద రాయాలి.

మన మే నెల చెమట ఇంకో తంటా. తుడవకుండా జెల్లీ దట్టంగా పూస్తే వీ1 నుంచి వీ2 దాకా ఒకే చార అయిపోయి రెండు గీతలూ కవలల్లా వస్తాయి. చుక్క చుక్కగా, విడివిడిగా పూయాలి.

ఛాతీనొప్పి, చెమటలు, ఆయాసంతో వచ్చినవాళ్ల దగ్గర కాగితాన్ని అనుమానిస్తూ కూర్చోకూడదు, వైద్యం సాగుతూ ఉండగానే మళ్లీ తీయాలి. ఏ బాధా లేక ఆపరేషను చీటీతో వచ్చినవాళ్లకైతే ఎకోకి రాసేముందు ఒళ్లు తుడిచి, గుంట మీద వేలు పెట్టి, ఇంకొక్క ఈసీజీ తీయండి. ఖర్చు ఇంకో మూరెడు కాగితం.