కంపానియన్ కవచం మార్చనివ్వకపోతే బద్ధకమేనా?

ఆర్‌పీజీ (ఒక పాత్రగా మారి కథ నడిపే వీడియో గేమ్) అభిమానుల మధ్య ఒక వాదన తెగ తిరుగుతోంది. ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’లో మన వెంట వచ్చే ప్రతి కంపానియన్‌కూ (తోడు పాత్రకూ) నచ్చిన కవచం తొడిగేవాళ్లం. ‘డ్రాగన్ ఏజ్ 2’లో ఈ ఆటలు తయారుచేసే బయోవేర్ కంపెనీ బద్ధకించి దాన్ని పూర్తిగా పీకేసింది. ‘బాల్డర్స్ గేట్ 3’ వచ్చి అసలు పద్ధతేంటో చూపించింది. ఇదీ వాదన.

ముందు బద్ధకం సంగతి. ఆరిజిన్స్ 2009 నవంబర్‌లో వచ్చింది, రెండోది 2011 మార్చిలో. ఆ హడావుడి ఆటలో కనిపిస్తుంది, కాదనను. అవే గుహల్లో ఒక తలుపు మూసి, ఇంకో తలుపు తెరిచి మళ్లీ మళ్లీ తిప్పారు. కానీ బట్టల విషయంలో పని తగ్గేది ఆరిజిన్స్ పద్ధతిలోనే. ఒక డిజైన్ చేస్తే అందరికీ అదే తొడగొచ్చు. అందుకే అలిస్టర్, లెలియానా అనే కంపానియన్లకు బరువైన కవచం, హెల్మెట్ తగిలిస్తే కొట్లాటలో ఎవరు ఎవరో పోల్చుకోలేం. ఇక ఆ మంత్రగాళ్ల టోపీల గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

‘పూర్తిగా పీకేశారు’ అన్నదీ నిజం కాదు. డ్రాగన్ ఏజ్ 2లోనూ ఆయుధాలు, ఉంగరాలు, బెల్టులు మనమే మారుస్తాం. కవచాలకు అప్‌గ్రేడ్లున్నాయి. వారిక్ అనే కంపానియన్ దగ్గర్నుంచి బియాంకా అనే అతని క్రాస్‌బోను (విల్లు లాంటి ఆయుధం) మాత్రం లాక్కోలేం. ఆ క్రాస్‌బో లేకపోతే వారిక్ వారిక్కే కాదు. పైగా వేషం మార్చే పని కథ చేస్తుంది. అవెలిన్ గార్డ్ కెప్టెన్ అయ్యాక ఆమె దుస్తులు మారతాయి. ఆండర్స్ చివరి అంకంలో నల్లబట్టల్లో వస్తాడు. వాడు నోరు తెరవకముందే మనకు టెన్షన్ మొదలవుతుంది. ఫెన్రిస్‌తో ప్రేమ నడిపితే మణికట్టుకు ఎర్రగుడ్డ కట్టుకుని తిరుగుతాడు. ఎక్కడో దొరికిన ఇనప గ్లవ్స్ మనం తొడిగేసి ఉంటే ఆ గుడ్డ కనిపించేదా?

బాల్డర్స్ గేట్ 3లో కవచాలు, రంగులు, క్యాంపు బట్టలు అన్నీ మన ఇష్టమే. విదర్స్ అనే పాత్ర చేతిలో 100 బంగారు నాణేలు పెడితే క్లాసు (యోధుడు, మంత్రగాడు లాంటి వృత్తి) కూడా మారుస్తాడు. సరే, మోడ్స్ (ఆటగాళ్లు బయట తయారుచేసే మార్పులు) లేకుండా ఆస్టారియన్ అనే కంపానియన్ ముఖం మార్చి చూపించండి. 2023 సెప్టెంబర్ ప్యాచ్‌తో వచ్చిన, మన పాత్ర రూపం మార్చే మ్యాజిక్ మిర్రర్ అందుకు ఒప్పుకోదు. షాడోహార్ట్ అనే ఇంకో కంపానియన్ జుట్టు తెల్లబడాలన్నా కథలో ఒక మలుపు రావాల్సిందే. బయోవేర్ బట్టలతో చేసిన పనే ఈ ఆట తయారుచేసిన లారియన్ జుట్టుతో చేసింది.

ఆ వాదనలో ఒక్క ఫిర్యాదు మాత్రం న్యాయమే. డ్రాగన్ ఏజ్ 2లో మనం ఆడే హాక్ మంత్రగాడైతే దొరికిన ఉక్కు కవచాలన్నీ దండగ. పక్కనే అవెలిన్ నిలబడి ఉంటుంది, ఇద్దామంటే కుదరదు, తీసుకెళ్లి అమ్ముకోవడమే. దీన్ని 2014లో వచ్చిన తర్వాతి ఆట ‘డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్’ సరిచేసింది. కవచం మనమే ఇస్తాం, వేసుకున్న మనిషిని బట్టి దాని రూపం మారుతుంది. ఐరన్ బుల్ అనే కంపానియన్‌కు కొమ్ములుంటాయి కాబట్టి హెల్మెట్ పట్టదు. దాని బదులు ముఖానికి ‘విటార్’ అనే రంగు పూస్తాం.