క్వాంటం అని చెప్పి మా అమ్మ చేత షుగర్ మాత్రలు మాన్పించారు

పొద్దున్నే బీచ్ రోడ్డులో నడకకి వెళ్ళిన మా అమ్మ, కాళీమాత గుడి దాటాక వేసిన ఓ ఉచిత హెల్త్ క్యాంపు టెంట్‌లో కూర్చుని, వైరు తగిలించిన ఇత్తడి రంగు గొట్టం గుప్పిట్లో పట్టుకుని, ఒక్క నిమిషంలో లివరు, కిడ్నీ, ఎముకలు అన్నీ "స్కాన్" చేయించుకుని వచ్చింది. చేతిలో ముప్పై పేజీల రిపోర్టు, మెడలో నాలుగు వేల రూపాయల నల్లటి లాకెట్. "క్వాంటం ఎనర్జీ అటరా, ఒంట్లో కణాలన్నిటినీ సరిచేస్తుందట" అంది. ఎనిమిది రోజుల తర్వాత చూస్తే షుగర్ మాత్రల షీటులో ఒక్క మాత్ర కూడా తగ్గలేదు. పరగడుపున షుగరు 260.

పోయిన ఆదివారం నేనే వెళ్ళి ఆ గొట్టం పట్టుకున్నాను. పది నిమిషాల తేడాతో రెండుసార్లు. మొదటి రిపోర్టులో కాల్షియం తక్కువ, రెండో దాంట్లో ఎక్కువ! ఇదేంటని అడిగితే "సబ్‌అటామిక్ ఫ్రీక్వెన్సీ మారుతుంటుంది సార్" అన్నాడు టెంట్‌లోవాడు.

ప్రాణుల్లో క్వాంటం (ఎలక్ట్రాన్లలాంటి అతి చిన్న కణాల వింత తీరు) లేదని కాదు, ఉంది, నా కడుపుమంట అందుకే. ఈస్ట్‌లోని ఒక ఎంజైమ్‌లో హైడ్రోజన్ తనకి అడ్డున్న శక్తి గోడని ఎక్కి దిగకుండా అందులోంచే అవతలికి పోతుందని (టన్నెలింగ్ అంటారు) జుడిత్ క్లిన్మన్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం 1989లోనే చూపించింది. ఇక యూరప్‌లో రాబిన్ అని పిచ్చుకంత పిట్ట ఉంది, చలికాలం ముందు రాత్రిపూట వలస పోతుంది. దాని కంట్లో క్రిప్టోక్రోమ్ అనే ప్రొటీన్ మీద వెలుతురు పడితే ఒక ఎలక్ట్రాన్ చోటు మారి, జంటగా మిగిలిన రెండు ఎలక్ట్రాన్ల స్పిన్ (వాటిని చిట్టి అయస్కాంతాల్లా చేసే గుణం) భూమి అయస్కాంత క్షేత్రానికి స్పందిస్తుందని, అదే దానికి దిక్సూచి అని ఒక వాదన. జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ యూనివర్సిటీలో చెక్క గుడిసెల్లో పెట్టిన రాబిన్లు ఎటు తిరగాలో తెలీక తికమకపడ్డాయి. గోడలకి అల్యూమినియం రేకులు కొట్టి ఎర్త్ చేస్తే దిక్కు తెలిసింది, ఎర్త్ తీసేస్తే మళ్ళీ పోయింది. ఊళ్ళోని కరెంటు సామాన్ల నుంచి వచ్చే అతి బలహీనమైన రేడియో తరంగాలే వాటిని చెడగొట్టాయని అక్కడి శాస్త్రవేత్తలు 2014లో రాశారు. ఆ ప్రొటీన్‌కి అయస్కాంత స్పందన ఉందని 2021లో పరీక్షనాళికలో తేలింది. బతికున్న పిట్ట కంట్లో కూడా ఇదే జరుగుతోందని మాత్రం ఇంకా రుజువు కాలేదని ఆ శాస్త్రవేత్తలే చెబుతున్నారు.

కిరణజన్య సంయోగక్రియ సంగతీ అంతే. 2007లో, మైనస్ 196 డిగ్రీల చలిలో, వెలుతురు శక్తిని చేరవేసే ఒక బ్యాక్టీరియా ప్రొటీన్‌లో క్వాంటం అలలు కనిపించాయన్నారు. లోకమంతా ఆహా అంది. 2020కి వచ్చేసరికి, ఆ వాదనని మోసినవాళ్ళలో కొందరు కూడా కలిసి, ఆ అలలు చాలావరకు అణువుల కంపనాలే, శక్తి రవాణాకి వాటి సాయం ఏమీ లేదని రాశారు. పదమూడేళ్ళు కొలిచి, తమ మాట తామే దిద్దుకున్నారు. ఇక్కడ వీళ్ళు పది నిమిషాల్లో రెండు రిపోర్టులిచ్చి కళ్ళార్పకుండా నిలబడ్డారు.

అమరావతి క్వాంటం వ్యాలీ అని రోజూ పేపర్లో వస్తోంది కదా, ఆ మాట చూసే మా అమ్మ నమ్మింది. ఆ టెంట్‌లో తన వయసు వాళ్ళు ఇంకో ఇరవై మంది క్యూలో ఉన్నారట. మీ అమ్మానాన్నలు కూడా అటు నడకకి వెళ్తుంటే, ఇవాళే ఒకసారి వాళ్ళ మాత్రల షీటు తీసి లెక్కపెట్టండి.